ఊ కొట్టడానికొక మనిషి

ఆ వానాకాలం మొదట్లో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయింది. లోపల ఇద్దరే ఇద్దరు. లిఫ్టు నడిపే అమ్మాయి, పై అంతస్తులో గడియారాలు బాగుచేసే అతను. కరెంటు పోయింది. చీకట్లో అతను ఏదో చెప్పాలని గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అక్కడ మా అత్తయ్య కథ ఆగిపోయింది.

కంగారు పడకండి. ఆ లిఫ్టూ లేదు, ఆ మేడా లేదు. రెండూ మా అత్తయ్య బుర్రలో ఉన్నాయి. కానీ మా షెడ్డులో ఆడవాళ్ళ దగ్గర ఆ మాట అని చూడండి, మీద పడి కరుస్తారు. ఆ మేడలో ఏ అంతస్తులో ఎవరుంటారో, ఎవరికి ఎవరంటే పడదో వాళ్ళకి కంఠతా వచ్చు. సొంత వీధిలో వాళ్ళ సంగతులు కూడా అంత తెలీవు.

నేనూ అత్తయ్యా ఒకే చోట పనిచేసేవాళ్ళం. చొక్కాలు కుట్టే రేకుల షెడ్డు. రెండు వరసల మిషన్లు, కిటికీ పక్కన బొత్తాల బల్ల, ఆ చివర ఇస్త్రీ బల్ల. నేను చొక్కా చేతులు కుట్టేదాన్ని, అత్తయ్య కాలర్లు. ఇంట్లో ఆవిడ పెదవి విప్పితే గొప్ప. "కూర ఎలా ఉంది అత్తయ్యా" అంటే తల ఊపుతుంది. బాగుందో బాగాలేదో ఆ ఊపుని బట్టి మనమే తేల్చుకోవాలి. అదే మనిషి షెడ్డులో అడుగుపెట్టిందంటే ఇక పట్టపగ్గాలుండవు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ వెంట పనికి వెళ్ళి నేను నోరు వెళ్ళబెట్టాను. ఈవిడా మా ఇంట్లో ఆవిడా ఒకరేనా అని.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే అత్తయ్య వాటా కాలర్ల కట్ట విప్పి తలా కాసిని తీసుకునేవాళ్ళం. మా పనితో పాటే అవీ కుట్టి సాయంత్రానికి ఆవిడ బుట్టలో పడేసేవాళ్ళం. ఆవిడ రెండు వరసల మధ్య స్టూలు వేసుకుని కథ చెప్పేది. కుడుతూ చెప్పొచ్చు కదా అని మీరడగొచ్చు. ఆవిడ వల్ల కాదు. లిఫ్టు తలుపు మూయాలన్నా, మూడో అంతస్తు ముసలాయన దగ్గాలన్నా ఆవిడకి చేతులు కావాలి. చేతులు కట్టేస్తే నోరు కట్టేసినట్టే.

వానలతో పాటు మీటర్లొచ్చాయి. ప్రతి మిషనుకీ ఒకటి. ఎవరు ఎన్ని కుట్టారో మేస్త్రీ గదిలో తెర మీద పడుతుంది. ఎవరి మిషను మీద కుట్టింది వాళ్ళ పేరునే పడుతుంది. లెక్క తగ్గినవాళ్ళని ఇంటికి పంపించేస్తారట. "నా చేతుల్లో ఏముందమ్మా, యజమాని పెట్టించాడు" అని మేస్త్రీ నీళ్ళు నమిలాడు. చెడ్డవాడేం కాదు, కాకపోతే యజమాని పేరెత్తితే వణుకు.

ఇక అత్తయ్య తన కాలర్లు తనే కుట్టుకోవాల్సి వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి, మెడ వంగిపోయి, సూది మీంచి చూపు తిప్పకుండా. "లిఫ్టులో అతనేమన్నాడు పిన్నీ?" అని పక్క వరసలోంచి ఎవరైనా అరిస్తే, "ఉండవే, వేలు పోతుంది" అనేది. అంతే. రేకుల మీద వాన, కింద మిషన్ల మోత. అంత చప్పుడులోనూ షెడ్డు బోసిపోయింది.

మొదట ఆగలేకపోయింది ఇస్త్రీ అక్క. భారీ మనిషి, భారీ గొంతు. ఆవిడ ఇస్త్రీ పెట్టె బల్ల మీద పెడితే మాకందరికీ తెలిసేది.

"ఒసేయ్, నాకు నిద్ర పట్టట్లేదే," అంది అన్నం దగ్గర. "వాళ్ళిద్దరూ ఇంకా ఆ చీకట్లోనే ఉన్నారు. ఏదో ఒకటి చెయ్యండి."

బొత్తాల పిల్ల చేసింది. పిల్ల అని పిలుస్తాం గానీ, పెళ్ళి చేసుకుని, వద్దనుకుని, బయటికొచ్చి తన కాళ్ళ మీద తను నిలబడ్డ మనిషి. "పిన్ని పని మానేసి కథ మొత్తం రికార్డు చేస్తే? మనం చెవిలో పెట్టుకుని వింటాం. చెవులకి మీటర్లు లేవుగా!" అంది.

"మానేస్తే తిండెవరు పెడతారు? రికార్డింగు వాళ్ళకి ఎవరిస్తారు?" అన్నాను నేను. కోడల్ని కదా, ఆ ప్రశ్న నేనే అడగాలి.

"అందరం. ఫోన్లో పేజీ పెడదాం. కథ కావాల్సినవాళ్ళు తలా కాస్త వేస్తారు. పాటలు పాడేవాళ్ళు, బొమ్మలేసేవాళ్ళు ఇప్పుడు ఇలాగే చేస్తున్నారు వదినా. ఒక పెద్దమనిషి గుమ్మంలో నిలబడి బతిమాలక్కర్లేదు."

ఇస్త్రీ అక్క ఆ క్షణమే మూతి తుడుచుకుని ఫోను ముందు నిలబడింది. ఆవిడ మాట్లాడింది ఇంతే: "అయ్యా, అమ్మా, మా లిఫ్టు ఇరుక్కుపోయింది. లోపల ఇద్దరున్నారు. తలా ఓ చెయ్యి వేసి బయటికి తియ్యండి." వెనక మేమంతా దిగులు మొహాలతో నిలబడ్డాం. కథ సంగతి కింద రాశాం లెండి, కానీ కిందున్నది చదివేదెవరు? ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో పుణ్యాత్ముడు లిఫ్టులు బాగుచేసేవాళ్ళ నంబరు పంపాడు. ఇంకొకాయన వాళ్ళకి నీళ్ళు అందుతున్నాయా అని అడిగాడు. అది కథ అని తెలిశాక కూడా ఇద్దరూ డబ్బులు వేశారు. ఇంతా కంగారు పడ్డాక చివరికేమవుతుందో తెలుసుకోకుండా ఎలా ఉంటామన్నారు.

మా ఇంట్లో మాత్రం ఇరుక్కుంది వేరే లిఫ్టు.

మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. మంచివాడు, నా మొగుడని చెప్పడం కాదు. కానీ పౌరుషం ఒకటుంది, ముక్కు మీదే ఉంటుంది. డిపోలో ఎవరో ఆ వీడియో చూపించారట. ఆ రోజు తడి చొక్కా కూడా విప్పకుండా భోజనానికి కూర్చున్నాడు.

"బాగుంది. ఇంక జోలె పట్టుకుని వీధుల్లో తిరగడమే మిగిలింది," అన్నాడు కంచంలోకి చూస్తూ.

"జోలె ఏంటండీ, ఇష్టమైనవాళ్ళు..."

"మా అమ్మకి నేను అన్నం పెట్టలేనా? ఊళ్ళోవాళ్ళ చందాలతో బతకాలా?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య మాట్లాడింది. ఇంట్లో. నిజంగా మాట్లాడింది.

"ఇన్నేళ్ళూ ఆ కాలర్లు నేను కుట్టాననుకున్నావా?"

"మరి?"

"వాళ్ళు కుట్టారురా. తలా కాసిని. నేను కథ చెప్పాను, వాళ్ళు కుట్టారు. జీతం నా చేతిలో పడింది. నీ బడీ, నీ బూట్లూ, నీకు జ్వరమొస్తే మందులూ అన్నీ వాటిమీదే. ఇప్పుడు కొత్తగా జోలె అంటావేం?"

అత్తయ్య పెరుగు వడ్డించింది. ఆయన వద్దనకుండా తిన్నాడు. మర్నాడు పనికి బయల్దేరుతూ, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, నాతో అన్నాడు: "ఆ పేజీలో అమ్మ ఫొటో సరిగ్గా లేదు. కళ్ళు మూసుకుంది. వేరేది పెట్టమను."

డబ్బులొచ్చాయి. అత్తయ్య పని మానేసింది. డబ్బుల వెనకే సలహాలూ వచ్చాయి, ఎందుకు రావు? ఇస్త్రీ అక్క మా ఇంటికే వచ్చి కూర్చుంది. "పిన్నీ, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ పిల్లకీ గడియారాల అబ్బాయికీ పెళ్ళి చెయ్యాలి. నా డబ్బులు అందుకే వేశా." అత్తయ్య తల ఊపింది. ఆవిడ అటు వెళ్ళగానే బొత్తాల పిల్ల ఫోను చేసింది. "పిన్నీ, ఆ అమ్మాయికి మాత్రం పెళ్ళి చెయ్యకు. హాయిగా ఉంది, ఉండనీ." అత్తయ్య ఫోన్లో కూడా తల ఊపింది. మేస్త్రీ వాళ్ళావిడ పేరున కాస్త పంపి, కథలో మేస్త్రీలెవరైనా ఉంటే కాస్త మర్యాదగా చూడమన్నాడు. ఆయనకీ తల ఊపింది. ఇంట్లో నేను పడ్డ అవస్థ ఇప్పుడు లోకమంతా పడుతోందని నాకు లోలోపల భలే సంతోషం వేసింది.

"అందరికీ సరే అన్నావు. ఎలా అత్తయ్యా?" అన్నాను.

"ముందు లిఫ్టు కదలనీవే," అంది.

లిఫ్టు కదల్లేదు. అసలు చిక్కు అక్కడొచ్చింది.

రికార్డింగు గది ఒక ఫొటో స్టూడియో పైన ఉంది. గోడలకి మెత్తలు, తలుపు మందంగా, మధ్యలో అద్దం. అద్దానికి అవతల చెవులకి ఫోన్లు తగిలించుకుని గడ్డం ఆయన. వాన పడుతోందని మా ఆయన స్కూటరు మీద అత్తయ్యని తెచ్చాడు. నేను సెలవు పెట్టి బస్సులో వచ్చాను. లోపల అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టారు. గడ్డం ఆయన వేలు చూపించాడు, మొదలెట్టమని.

"కరెంటు పోయింది," అంది అత్తయ్య. ఆగింది. అద్దంలోంచి మా వైపు చూసింది. "లిఫ్టులో చీకటి," అంది. ఆగింది. మళ్ళీ చూసింది. "అతను గొంతు సవరించుకున్నాడు," అని, ఇక ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పడిపోయాయి.

గడ్డం ఆయన ఓపిక ఉన్నవాడే. మంచినీళ్ళిచ్చాడు. దీపం తగ్గించాడు. మళ్ళీ మళ్ళీ చేయించాడు. ప్రతిసారీ అదే వరస, ఒక్క ముక్క చెప్పడం, ఆగడం, గుడ్లప్పగించి చూడడం. పని మానేసింది, ఆ సీట్లో అప్పటికే ఇంకెవర్నో పెట్టేశారు. ఇంతమంది డబ్బులు వేశారు. ఇప్పుడీ కథ రాకపోతే ఆవిడకి అటు షెడ్డూ లేదు, ఇటు కథా లేదు. రేపు ఇస్త్రీ అక్క మొహం ఎలా చూడాలి?

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. "ఏమైంది అత్తయ్యా? గుర్తు రావట్లేదా?"

"గుర్తు రాకేం," అంది చిన్నబుచ్చుకుని. "ఊ అనేవాళ్ళేరే? నేనొక మాటన్నాక ఎవరైనా ఊ అనాలా, వద్దా? అక్కడ మిషన్ల మోతలో కూడా అనేవాళ్ళు. ఇక్కడ గోడలు కూడా ఊరుకున్నాయి. నా మాట నాకే తిరిగి రావట్లేదు. వినేవాళ్ళు లేరనుకుని ఆగిపోతున్నా."

అదీ సంగతి! ఇంత మాత్రానికా అని నేనే పక్కన కుర్చీ వేసుకున్నాను. కానీ దేవుడు నాకు ఊ అని ఊరుకునే నోరివ్వలేదు. "అయ్యో, చీకట్లోనా?" అన్నాను. "మరి ఆ పిల్లకి భయం వెయ్యలేదూ?" అన్నాను. అతను గొంతు సవరించుకోగానే "చెప్పేస్తాడు, చెప్పేస్తాడు!" అని చప్పట్లు కొట్టాను. గడ్డం ఆయన లోపలికొచ్చి, చేతులు జోడించి, నన్ను బయటికి పంపించాడు. షెడ్డులోంచి ఇంకెవర్నయినా పిలుద్దామంటే మీటర్లు ఒప్పుకోవు.

కింద మెట్ల దగ్గర మా ఆయన వాన కోటు తలమీదికి లాక్కుని టీ తాగుతున్నాడు.

"రండి," అన్నాను.

"నేనెందుకు?"

"ఊ కొట్టాలి."

"నాకు డిపోకి టైమవుతోంది."

"ఆ మాట మీ అమ్మతో చెప్పండి," అన్నాను.

పైకొచ్చాడు. ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు, పరీక్ష రాయడానికొచ్చినవాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. తల్లీకొడుకులు అంత ఎదురెదురుగా, ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"కరెంటు పోయింది," అంది అత్తయ్య.

"ఊ," అన్నాడు మా ఆయన. ఆ ఊ ఎలా ఉందంటే, బస్సు కింద పడుకుని పాన ఇటివ్వు అంటారే, అలా ఉంది. కానీ అత్తయ్య చేతులు ఒళ్ళోంచి లేచాయి.

"లిఫ్టులో ఒకరి మొహం ఒకరికి కనపడని చీకటి."

"ఊ."

"అతనన్నాడూ... అమ్మాయీ, నాకు లిఫ్టంటే చచ్చేంత భయం. మొదట్నుంచీ. నువ్వు నడుపుతున్నావని ఎక్కుతున్నా."

"ఊ?" అన్నాడు మా ఆయన, కుర్చీ ముందుకి జరిపి.

అద్దానికి ఇవతల గడ్డం ఆయన నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. నాకు ఎందుకో కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆయనకి కనపడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

ఆ రోజు డిపోకి సెలవు. ఆ తర్వాత ప్రతి సెలవు రోజూ తల్లీకొడుకులిద్దరూ స్కూటరెక్కి వెళ్ళేవాళ్ళు. అయిన భాగం అయినట్టు పేజీలో పెట్టేవాడు గడ్డం ఆయన. షెడ్డులో అందరం ఒక చెవిలో కథ, ఒక చెవిలో మిషను. లిఫ్టంటే భయమని అతను చెప్పాడా, ఆ అమ్మాయి "భయమైతే ఎక్కకండి, మెట్లున్నాయి కదా" అంది. ఆ మొద్దు మానవుడు నిజంగానే లిఫ్టు మానేశాడు! మెట్లెక్కడం మొదలెట్టాడు. ఇక లిఫ్టు ఊచల్లోంచి ఆ అమ్మాయికి అతని కాళ్ళు తప్ప ఏమీ కనపడవు. వారమంతా ఇస్త్రీ అక్క అతన్ని తిట్టని తిట్టు లేదు. పాపం ఎవరి చొక్కాలో, ఆ వారం ఇస్త్రీ మడత కత్తిలా ఉండేది.

ఇంకో విచిత్రం. వినేవాళ్ళకి ఆ ఊ నచ్చేసింది. మొదటి భాగంలో మొరటుగా ఉన్న ఊ రానురానూ మెత్తబడింది. అనుమానంగా ఒకటి, దిగులుగా ఒకటి, నవ్వాపుకుంటూ ఒకటి. "ఆ ఊ కొట్టే ఆయనెవరండీ? నా బదులు కూడా ఆయనే అంటున్నట్టుంది" అని ఎక్కడో ఉన్న ఒకావిడ పేజీలో రాసి, ఇంకాస్త డబ్బు వేసింది. నేను చదివి వినిపిస్తే మా ఆయన "ఏడిసినట్టుంది" అన్నాడు. కానీ అద్దం ముందు కాస్త ఎక్కువసేపు దువ్వుకున్నాడు.

ఇల్లు కూడా మారింది. పొద్దున కాఫీ దగ్గర "అయితే మూడో అంతస్తు ముసలాయన కూతురు ఇక రాదా?" అని ఆయన అడగడం, "చూద్దాం" అని అత్తయ్య అనడం. పెద్ద మాటలేం కావు. మా ఇంట్లో అదే ఉత్సవం.

చివరి భాగం రికార్డయ్యాక మాత్రం ఆయన నోటికి తాళం పడింది. బతిమాలాను, అలిగాను, ఇష్టమైన కూర చేశాను. "పెళ్ళా, కాదా? ఒక్క ముక్క చెప్పండి." "అమ్మకి మాటిచ్చాను," అన్నాడు, కూర మాత్రం రెండోసారి వడ్డించుకుని.

వానలు వెనకపట్టు పట్టాయి. ఆ చివరి భాగం ఎవరమూ ఒంటరిగా వినకూడదని అందరం కట్టు కట్టాం. మధ్యాహ్నం అన్నాల వేళ షెడ్డులో మిషన్లన్నీ ఆగాక, బొత్తాల పిల్ల ఫోనుని ఒక పెద్ద గిన్నెలో పెట్టింది, గొంతు పెద్దదవుతుందని. అత్తయ్యని మా ఆయన తెచ్చి దిగబెట్టి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అత్తయ్య తన గొంతు తను వినలేక మొహం పక్కకి తిప్పుకుని కూర్చుంది.

గిన్నెలోంచి అత్తయ్య చెబుతోంది. రోజురోజుకీ ఆ కాళ్ళు నెమ్మదించాయట. ఆ రోజు నాలుగో అంతస్తు దగ్గర ఆగిపోయాయి. అమ్మాయి లిఫ్టు ఆపి తలుపు తీసింది. అతను మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు.

"రండి, ఎక్కండి, అంది. వద్దమ్మా, ఇంకా మూడంతస్తులేగా, అన్నాడు."

"ఊ."

"ఆ అమ్మాయి కాసేపు నిలబడింది. లిఫ్టు తలుపు మూసింది. తాళం వేసింది. తన సంచి భుజాన వేసుకుని అతని పక్కన మెట్టెక్కింది. కింది నుంచి గంట మోగింది. పై నుంచి మోగింది. అన్ని అంతస్తుల్లోనూ మోగుతూనే ఉన్నాయి. పలికేవాళ్ళు లేరు."

ఆ తర్వాత గిన్నెలోంచి ఏమీ రాలేదు. ఊ కూడా రాలేదు. గుమ్మం వైపు చూశాను. మా ఆయన వాన వెలిసిన ఆకాశాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

అప్పుడే పనివేళ గంట మోగింది. ఎవరూ లేవలేదు. లేచింది అత్తయ్య ఒక్కతే, అన్నేళ్ళ అలవాటు కదా, తనది కాని మిషను వైపు. ఇస్త్రీ అక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టేసింది.

"ఎక్కడికి? పెళ్ళి చేస్తానని తలూపావా, లేదా?"

"నాకు చెయ్యనని ఊపింది!" అని బొత్తాల పిల్ల లేచింది. "అయినా ఎక్కడయింది పెళ్ళి? మెట్లెక్కితే పెళ్ళా?"

"తాళం వేసి మరీ ఎక్కితే ఇంకేంటే?"

ఇక రెండు వరసలూ రెండు పక్షాలయ్యాయి. ఆ గోలకి మేస్త్రీ గదిలోంచి బయటికొచ్చాడు. "గంట వినబడలేదా?" అన్నాడు. గోల ఆగలేదు. గిన్నె వైపు చూశాడు, మీటర్ల వైపు చూశాడు, అత్తయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నేనూ వింటూనే ఉన్నాలే అమ్మా, లోపల. ఇంతకీ... పెళ్ళయినట్టేనా?"

గోల అణిగింది. అందరూ అత్తయ్య వైపు తిరిగారు. ఆవిడ తల ఊపలేదు.

"ఏమో నాయనా," అంది. "వాళ్ళింకా మెట్లెక్కుతున్నారు."

ఆ మధ్యాహ్నం మా షెడ్డులో మిషన్లు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి.